నిమ్మగడ్డి నూనె కాలమ్: అదే గడ్డికి ఎక్కువ నూనె, తక్కువ కట్టెలు

పెరట్లోనో పొలం గట్టునో సొంతంగా ఆవిరి పట్టి నిమ్మగడ్డి నూనె తీసేవాళ్ల నోట తరచూ వినిపించే మాట ఒకటుంది: “గడ్డి ఏపుగానే పెరిగింది, నూనె మాత్రం దిగట్లేదు.” ఆ వెంటనే పెద్ద ట్యాంకు ఎంతవుతుందని అడుగుతారు. ట్యాంకు పెద్దదైతే పోయే నూనె కూడా పెద్దదవుతుంది, అంతే. ముందు తేల్చుకోవాల్సింది నూనె ఎక్కడ పోతోందన్న సంగతి. అది పోయే దారులు మూడే. ఆవిరి తగలక గడ్డిలోనే ఉండిపోవచ్చు, సెపరేటర్ దాటి నీళ్లతో కాలవలోకి పోవచ్చు, సరిగ్గా చల్లారక గాలిలో కలిసిపోవచ్చు. ఈ మూడూ కొత్త యూనిట్ కొనకుండా సరిచేసుకోగలిగినవే.

లెక్కలకు ఒక ఆధారం కావాలి కాబట్టి 100 కిలోల యూనిట్‌ను తీసుకుంటాను. కింద నీళ్ల పాత్ర, దాని మీద 60 సెంటీమీటర్ల వ్యాసం, మీటరున్నర ఎత్తు ఉన్న నిలువు కాలమ్, మధ్యలో చిల్లుల జాలీ, పైన మూత, మూత నుంచి ఆవిరిని చల్లార్చి నీరుగా మార్చే కండెన్సర్‌కు వంపు గొట్టం, చివర నూనెను నీటిని విడదీసే సెపరేటర్. ఇడ్లీ పాత్రలో లాగే నీళ్లు కింద మరుగుతాయి, సరుకు పైన ఆవిరిలో ఉడుకుతుంది, నీళ్లు సరుకును తాకకూడదు. మీ యూనిట్ చిన్నదైనా పెద్దదైనా ఈ అంకెలను అదే నిష్పత్తిలో మార్చుకోవచ్చు.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఇలాంటి పరికరంతో మద్యం తీయడం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎక్సైజ్ చట్టాల కింద నేరం. ఇక్కడ చెప్పేదంతా సుగంధ నూనెల గురించే.

మొదటి పని: మీ గడ్డిలో అసలు ఎంత నూనె ఉందో తెలుసుకోండి

పచ్చి నిమ్మగడ్డిలో నూనె సాధారణంగా బరువులో 0.5 నుంచి 0.8 శాతం ఉంటుంది. రకం, కోత వయసు, వాతావరణం, నేలలో తేమ, వీటన్నిటినీ బట్టి మారుతుంది. కృష్ణ, ప్రగతి, కావేరి లాంటి సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల పరిశోధన సంస్థ) రకాలు వేసినవాళ్లకూ, ఎక్కడి నుంచో పిలకలు తెచ్చి నాటినవాళ్లకూ ఒకే అంకె రాదు. అందుకే పక్క ఊరి రైతుకు వచ్చిన దిగుబడితో పోల్చుకుని బాధపడడం వల్ల ఉపయోగం లేదు. మీ గడ్డితోనే మీ యూనిట్‌ను పోల్చాలి.

దానికి క్లెవెంజర్ పరికరం ఉంది. 1928 నుంచి వాడుకలో ఉన్న గాజు సామాను అది. 100 గ్రాముల గడ్డిని ముక్కలు చేసి గుండ్రటి ఫ్లాస్కులో నీళ్లతో మూడు గంటలు మరిగిస్తే, అందులోని నూనె గీతలున్న గొట్టంలో పేరుకుంటుంది, ఎన్ని మిల్లీలీటర్లో చూసి చెప్పేయొచ్చు. దగ్గర్లోని వ్యవసాయ కళాశాల, ఫార్మసీ కళాశాల ల్యాబుల్లో అడిగి చూడండి. హైదరాబాద్ బోడుప్పల్‌లో సీఎస్ఐఆర్-సీమ్యాప్ పరిశోధన కేంద్రం ఉంది, సుగంధ పంటల సలహాకు అది సరైన చోటు. పది మంది రైతులు కలిసి ఒక సెట్ కొనుక్కున్నా మంచిదే.

క్లెవెంజర్‌లో 0.7 శాతం వచ్చిందనుకుందాం. అంటే 100 కిలోల్లో 700 మిల్లీలీటర్లు ఉన్నట్టు. మీ యూనిట్‌లో 450 దిగితే, మిగతా 250 మిల్లీలీటర్లు గడ్డిలోనో నీళ్లలోనో గాలిలోనో ఉన్నాయి. ఇక వెతకడం మొదలుపెట్టొచ్చు. ఈ అంకె లేకుండా ఏ మార్పు చేసినా, దాని వల్ల లాభం కలిగిందో లేదో చెప్పలేం.

దీనితోపాటు ఒక పుస్తకం పెట్టండి. బ్యాచ్‌కు ఎన్ని కిలోల గడ్డి, ఎన్ని కిలోల కట్టెలు, మొదటి చుక్క ఎప్పుడు పడింది, గంటకు ఎన్ని లీటర్ల నీళ్లు దిగాయి, అరగంటకోసారి ఎంత నూనె, కండెన్సర్ నుంచి వచ్చే నీటి వేడి ఎంత. తూకం, గీతల గాజు సిలిండర్, ఒక థర్మామీటర్, ఒక గడియారం చాలు. ఈ సామానుకయ్యే ఖర్చు, వృథాను ఆపితే తొందరగానే తిరిగొస్తుంది.

గడ్డి: కోత నుంచి కాలమ్ దాకా

నాటిన మూడు నాలుగు నెలలకు మొదటి కోత, ఆ తర్వాత 60 నుంచి 75 రోజులకోసారి. నేల నుంచి 10–15 సెంటీమీటర్లు వదిలి కోయాలి. నూనె ఎక్కువగా ఆకులో ఉంటుంది, మొదలు భాగంలో తక్కువ. కిందికంటా కోస్తే కాలమ్‌లో చోటు నిండుతుంది కానీ నూనె పెరగదు, పైగా పిలక దెబ్బతింటుంది. ముదిరి ఎండిన ఆకులు, కలుపు మొక్కలు ఏరేయాలి. వాన పడుతున్నప్పుడు, పడిన వెంటనే కోయకండి.

కోసిన గడ్డిని నీడలో పల్చగా పరిచి, ఒక పూట నుంచి ఒక రోజు దాకా వడలనివ్వడం మంచిది. పచ్చి గడ్డిలో 70 శాతం పైగా నీరే. అదే 100 కిలోలను 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడెక్కించడానికి దాదాపు 11 కిలోల ఆవిరి ఖర్చవుతుంది, ఆ ఆవిరి ఒక్క చుక్క నూనెను కూడా బయటకు తీసుకురాదు. వడలిన గడ్డిలో నీరు తగ్గుతుంది, కాలమ్‌లో ఎక్కువ ఆకు పడుతుంది, వేడెక్కడానికి తక్కువ ఆవిరి చాలు. అయితే కుప్పగా వేసి వదిలేయొద్దు. కుప్ప లోపల వేడి పుట్టి గడ్డి మాగిపోతుంది, నూనెకు పులిసిన వాసన వస్తుంది. ఎండలో వేసినా నూనె ఆవిరైపోతుంది. లెక్కల్లో ఒక జాగ్రత్త: వడలిన గడ్డి బరువు తగ్గి ఉంటుంది కాబట్టి శాతం ఎక్కువగా కనిపిస్తుంది. ఎప్పుడూ కోసిన వెంటనే తూచిన బరువునే రాసుకోండి.

10–15 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి వేస్తే కాలమ్ సమానంగా నిండుతుంది. చాఫ్ కట్టర్ ఉంటే సులువు. ముక్కలు చేశాక ఆలస్యం చేయకూడదు, తెగిన అంచుల నుంచి నూనె పోతూనే ఉంటుంది.

పేర్చడం: ఎక్కువ నూనె పోయేది ఇక్కడే

నా ఉద్దేశంలో ఈ వ్యాసం మొత్తంలో ఒక్క అంశమే అమలు చేయగలిగితే, అది ఇదే కావాలి. ఖర్చు లేదు, ఫలితం మాత్రం అదే రోజు కనిపిస్తుంది.

ఆవిరి ఎప్పుడూ సులువైన దారినే వెతుక్కుంటుంది. గడ్డి ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా ఉంటే వదులుగా ఉన్న చోట నుంచి సొరంగంలా పైకి దూసుకుపోతుంది. ఆ దారి పక్కనున్న గడ్డికి వేడి తగులుతుంది కానీ ఆవిరి ప్రవాహం తగలదు. నూనె బయటకు రావాలంటే ఆకును దాటుకుంటూ ఆవిరి కదలాలి. నిమ్మగడ్డి నూనెలో ముఖ్యమైన సిట్రాల్ ఒంటరిగా మరగాలంటే 229 డిగ్రీలు కావాలి. నీటి ఆవిరితో కలిసి వస్తుంది కాబట్టే 100 డిగ్రీల లోపే కదులుతుంది. అందుకే గడ్డి ఉడికిపోవడం వేరు, నూనె దిగడం వేరు.

కట్టలు కట్టలుగా నిలువుగా దింపడం అన్నిటికంటే చెడ్డ అలవాటు. కట్టకూ కట్టకూ మధ్య నిలువు సందులు పడతాయి. గడ్డిని విప్పి, పొరలు పొరలుగా, ఒక్కో పొర 20–25 సెంటీమీటర్లు వచ్చేలా వేసి, ప్రతి పొరనూ అదమాలి. పాత్ర గోడ వెంబడి గడ్డి సహజంగానే వదులుగా పడుతుంది, కాబట్టి ముందు అంచుల వెంట గట్టిగా నొక్కి, తర్వాత మధ్యలోకి రండి. మనిషి దిగి తొక్కగలిగేంత పెద్ద ట్యాంకయితే అంచుల చుట్టూ తిరుగుతూ తొక్కాలి, మధ్యలో నిలబడి కాదు. మనం తీసుకున్న కాలమ్ లోపలి చోటు దాదాపు 420 లీటర్లు. 100 కిలోలు పట్టిందంటే ఘనమీటరుకు 240 కిలోల చొప్పున పేర్చినట్టు. 80 కిలోలకే నిండిపోతే వదులుగా వేస్తున్నారు. 130 కిలోలు కుక్కితే కింది పొరలు ముద్దయి ఆవిరికి అడ్డం పడతాయి, చివరికి ఒత్తిడి పెరిగి ఎక్కడో ఒకచోట చీల్చుకుని పోతుంది. పైన 10–15 సెంటీమీటర్లు ఖాళీ వదలండి, పై పొర చదునుగా ఉండాలి.

సొరంగం పడిందో లేదో మూడు గుర్తులతో తెలుస్తుంది. పొయ్యి వెలిగించి ఆవిరి మొదలయ్యాక మామూలు కంటే చాలా ముందే మూత వేడెక్కిపోతే అనుమానించండి. నూనె మొదట కాస్త దిగి, ఆ వెంటనే పల్చబడి, మళ్లీ చివర్లో కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటే అనుమానించండి. అన్నిటికంటే నమ్మకమైనది మూడోది: దించేటప్పుడు గడ్డిని పొరల వారీగా చూడండి. బాగా ఆవిరి తగిలిన గడ్డి అంతటా ఒకే గోధుమ-ఆకుపచ్చ రంగులో ఉంటుంది, నలిపితే నిమ్మ వాసన దాదాపు రాదు. ఎక్కడైనా పచ్చగా కనిపించినా, నలిపినప్పుడు గుప్పున వాసన వచ్చినా, మీ నూనె అక్కడే ఉంది. ఆ చోటు ఎప్పుడూ ఒకే పక్కన ఉంటే జాలీ చిల్లులు పూడుకుని ఉంటాయి, లేదా యూనిట్ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. స్పిరిట్ లెవెల్ పెట్టి చూడండి.

జాలీకీ నీళ్లకూ మధ్య 15–20 సెంటీమీటర్ల దూరం తప్పనిసరి. మరిగే నీళ్లు ఎగిరి గడ్డిని తడిపితే కింది పొర ఆవిరిలో కాక నీళ్లలో ఉడికినట్టవుతుంది.

ఆవిరి వేగం

కాలమ్ లోపలి చోటును లీటర్లలో తీసుకుంటే, గంటకు దానిలో 5 శాతానికి తగ్గకుండా నీళ్లు దిగడం మంచి ఆరంభం. మన యూనిట్‌కు గంటకు 20 లీటర్లు. అంటే నిమిషానికి మూడో వంతు లీటరు. సెపరేటర్ నుంచి వచ్చే నీటిని గడియారం పెట్టుకుని జగ్గుతో కొలవండి.

నెమ్మదిగా కానిస్తే నూనె ఎక్కువ వస్తుందన్న నమ్మకం చాలామందికి ఉంది. గంటకు 8–10 లీటర్లే దిగుతుంటే ఆవిరిలో ఎక్కువ భాగం దారిలోనే చల్లబడి, నూనెతో సహా గడ్డిలోకే తిరిగి జారుతుంది. సమయం పెరుగుతుంది, కట్టెలు పెరుగుతాయి, ఎక్కువసేపు ఉడికిన నూనెకు ఉడుకు వాసన పడుతుంది. మరీ గట్టిగా మంట పెడితే సొరంగాలు పడతాయి, గడ్డి ముక్కలు గొట్టంలోకి వస్తాయి, కండెన్సర్ తట్టుకోదు.

మొదటి అరగంట మాత్రం నెమ్మదిగానే పోవాలి. గడ్డి మొత్తం వేడెక్కి, లోపలి గాలి బయటకు పోయేదాకా మెల్లగా పెంచండి. కండెన్సర్ నుంచి చుక్కలు మొదలయ్యాక పది నిమిషాల్లో పూర్తి వేగానికి తీసుకురండి.

మూత నుంచి వెళ్లే గొట్టం కనీసం 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉండాలి. గంటకు 20 కిలోల ఆవిరి అంటే 33 ఘనమీటర్లు. 25 మిల్లీమీటర్ల గొట్టంలో అది సెకనుకు 19 మీటర్ల వేగంతో పోవాల్సి వస్తుంది, కాలమ్‌లో అనవసరంగా ఒత్తిడి పెరుగుతుంది. గొట్టం పైకి లేచే భాగం పొట్టిగా ఉండాలి, ఆ తర్వాత అంతా కండెన్సర్ వైపు వాలు. లేకపోతే దారిలో చల్లబడిన నూనె వెనక్కి గడ్డిలోకే పోతుంది.

కాలమ్‌కు ఒక దుప్పటి

కప్పని ఇనుప కాలమ్ 100 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, నిశ్చలమైన గాలిలో చదరపు మీటరుకు దాదాపు 800 వాట్ల వేడిని పోగొట్టుకుంటుంది. గాలి వీస్తే ఇంకా ఎక్కువ. మన కాలమ్ గోడ, మూత కలిపి 3.1 చదరపు మీటర్లు, అంటే 2.5 కిలోవాట్లు. ఆవిరిలో చెప్పాలంటే గంటకు 4 కిలోలు. మీరు 20 లీటర్ల కోసం 24 లీటర్లు మరిగిస్తున్నారన్నమాట. ఆ 4 లీటర్లూ గోడ వెంట నీరుగా జారి, అంచు గడ్డిని తడిపి, దాని నూనెను కిందికి కడిగేస్తాయి.

50 మిల్లీమీటర్ల మందం గ్లాస్ ఊల్ లేదా రాక్ ఊల్ చుట్టి పైన పల్చటి అల్యూమినియం రేకు వేస్తే ఈ నష్టం పదో వంతుకు పడిపోతుంది. మూతనూ, గొట్టం పైకి లేచే భాగాన్నీ మర్చిపోవద్దు. చాలామంది గోడలకు చుట్టి మూతను వదిలేస్తారు. అంత ఖర్చు వద్దనుకుంటే ఎండు వరిగడ్డిని తాళ్లుగా పేని దగ్గరగా చుట్టి, పైన మట్టి-పేడ పూత వేయొచ్చు. పొయ్యి మంటకు దగ్గరగా ఉండే కింది భాగానికి మాత్రం గడ్డి వాడకండి.

మూత దగ్గర ఆవిరి లీకయితే అది నూనె లీకే. అక్కడ ముక్కు పెట్టి చూడనక్కర్లేదు, ఒక చల్లటి స్టీలు గరిటె దగ్గర పెడితే చెమ్మ పడుతుంది. ఫుడ్ గ్రేడ్ సిలికాన్ గాస్కెట్ వాడండి. మామూలు నల్ల రబ్బరు వేడికి మెత్తబడి నూనెకు వాసన పట్టిస్తుంది. పాత యూనిట్లలో ఉండే నీటి గాడి మూత కూడా మంచి ఏర్పాటే, గాడిలో నీళ్లు ఆరిపోకుండా చూసుకుంటే చాలు.

కండెన్సర్: నీళ్ల లెక్క తప్పితే అంతా వృథా

ఒక కిలో ఆవిరిని నీరుగా మార్చి 40 డిగ్రీలకు చల్లార్చడానికి 2,500 కిలోజూళ్ల వేడి లాగాలి. చల్లటి నీరు 30 డిగ్రీల్లో లోపలికి వెళ్లి 50 డిగ్రీల్లో బయటకు వస్తే, ప్రతి లీటరు దిగుబడి నీటికి 30 లీటర్ల చల్లటి నీరు కావాలి. గంటకు 600 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ములో చుట్ట పైపు పెట్టి నీళ్లు మార్చకుండా నడిపితే, 20 నిమిషాల్లో ఆ డ్రమ్ము పని అయిపోతుంది. ఆ తర్వాత కండెన్సర్ చివర నుంచి నిమ్మ వాసన ఊరంతా కమ్ముకుంటుంది. వాసన బాగా వస్తోందని సంతోషపడకండి, అది మీ డబ్బే.

రెండున్నర గంటల బ్యాచ్‌కు 1,500 లీటర్లు. బోరు నీళ్లు కండెన్సర్ గుండా పోయి నేరుగా పొలానికి పారేలా పెట్టుకుంటే ఒక్క చుక్క వృథా కాదు. అలా వీలు కాకపోతే పెద్ద సిమెంటు తొట్టి, చిన్న పంపు. చల్లటి నీరు కింద నుంచి లోపలికి, వేడి నీరు పై నుంచి బయటకు. ఇది తిరగబడి ఉన్న యూనిట్లు ఆశ్చర్యపోయేన్ని ఉన్నాయి.

చుట్ట పైపు అయితే ఈ వేగానికి దాదాపు ఒక చదరపు మీటరు ఉపరితలం కావాలి. 25 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ పైపు 12–13 మీటర్లు. చుట్టలు ఎక్కడా కిందికి జారి మళ్లీ పైకి లేవకూడదు. అలా ఉంటే నీరు అక్కడ నిలిచి, గుడుగుడుమంటూ విడతలుగా పడుతుంది. గుత్తిగా సన్నటి గొట్టాలు అమర్చిన షెల్ అండ్ ట్యూబ్ కండెన్సర్ తక్కువ చోటులో ఇదే పని చేస్తుంది, కానీ నీళ్లలో సున్నం ఎక్కువుంటే ఏడాదిలోనే పొరలు కడుతుంది. విప్పి తోమగలిగేలా ఉన్నదే కొనండి. కండెన్సర్, సెపరేటర్ రెండూ స్టెయిన్‌లెస్ స్టీలే కావాలి. తుప్పు కలిస్తే నూనె ఎర్రబడుతుంది, కొనేవాడు ధర తగ్గిస్తాడు.

దిగే నీరు 38–42 డిగ్రీల దగ్గర ఉండేలా చల్లటి నీటి వాల్వును సర్దండి. అంతకంటే వేడిగా ఉంటే నూనె ఆవిరవుతుంది. మరీ చల్లగా ఉంటే నూనె చిక్కబడి నీటి నుంచి విడిపోవడం ఆలస్యమవుతుంది.

సెపరేటర్: చిన్నది పెడితే పెద్ద నష్టం

నిమ్మగడ్డి నూనె నీటి కంటే తేలిక, సాంద్రత 0.88–0.90. పెద్ద చుక్కలు వెంటనే తేలిపోతాయి. బాధంతా సన్నటి చుక్కలతోనే. 0.05 మిల్లీమీటర్ల చుక్క 40 డిగ్రీల నీటిలో నిమిషానికి ఒక సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ మాత్రమే పైకి లేవగలదు. ఇప్పుడు సెపరేటర్‌లో నీరు ఎంత వేగంగా కిందికి దిగుతోందో చూడండి. గంటకు 20 లీటర్ల దగ్గర, 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న సెపరేటర్‌లో నీరు నిమిషానికి 1.9 సెంటీమీటర్లు దిగుతుంది. ఆ చుక్క తేలేలోపే నీరు దాన్ని లాక్కుపోతుంది. 25 సెంటీమీటర్ల వ్యాసం పెడితే నీటి వేగం 0.7 సెంటీమీటర్లకు తగ్గుతుంది, చుక్క గెలుస్తుంది. పొడవు కాదు, వెడల్పు ముఖ్యం.

లోపలికి వచ్చే నీరు పై నుంచి దబదబా పడకూడదు. గరాటు కాడ నూనె పొర దాటి కిందికి వెళ్లి, అక్కడ చివర పైకి వంగి ఉండాలి. నీరు బయటకు పోయే గొట్టం అడుగు నుంచి మొదలై పైకి లేచి, నూనె గొట్టం కంటే కాస్త కింద వంగాలి. బయటకు వచ్చే నీరు పాలలా తెల్లగా ఉంటే ఇంకా నూనె పోతోంది. ఒక గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి, పొద్దున పైన కనబడే నూనె పొర ఎంతో చూస్తే నిర్ణయం మీరే తీసుకుంటారు.

ఆ పైన కంటికి కనపడని నష్టం ఇంకొకటుంది. లీటరు నీటిలో దాదాపు అర గ్రాము సిట్రాల్ కరిగిపోతుంది. ఒక బ్యాచ్‌లో దిగే 50 లీటర్లకు 25 గ్రాములు, అంటే గడ్డిలోని 700 మిల్లీలీటర్లలో (దాదాపు 600 గ్రాములు) 4 శాతం. ఈ నీటినే మళ్లీ కింది పాత్రలోకి పంపితే ఆ నూనె తిరిగి ఆవిరిలో చేరుతుంది. సెపరేటర్‌ను పాత్రలోని నీటి మట్టం కంటే పైన పెట్టి, మధ్యలో 50–60 సెంటీమీటర్ల లోతున్న యూ ఆకారపు వంపు గొట్టం పెట్టండి. వంపులో నిలిచే నీరు ఆవిరి వెనక్కి రాకుండా ఆపుతుంది, పైగా లోపల ఒత్తిడి పెరిగితే ముందుగా అదే ఎగదన్ని హెచ్చరిస్తుంది.

దీని వల్ల కట్టెలూ ఆదా అవుతాయి. నీరు తిరిగి రాకపోతే మొదట్లోనే 90 లీటర్లు నింపి వేడెక్కించాలి. తిరిగి వస్తుంటే 50 చాలు. అయితే గడ్డి నుంచి కారే రసం పాత్రలో చిక్కబడి నురగ కడుతుంది కాబట్టి ప్రతి బ్యాచ్ తర్వాతా కడగాలి. వేరే బాయిలర్‌తో ఆవిరి తెచ్చుకునేవాళ్లు మాత్రం ఈ నీటిని బాయిలర్‌లోకి పంపొద్దు.

పొయ్యి

లెక్క చూడండి. 50 లీటర్ల దిగుబడికి, గడ్డినీ నీళ్లనూ వేడెక్కించడానికి, గోడల నష్టానికి కలిపి ఒక బ్యాచ్‌కు దాదాపు 186 మెగాజూళ్ల వేడి కావాలి. మామూలు పొయ్యిలో కట్టెల వేడిలో పావు వంతు పాత్రకు చేరితే గొప్ప. కిలో ఎండు కట్టెకు 15 మెగాజూళ్ల చొప్పున 50 కిలోల కట్టెలు. కాలమ్‌ను కప్పి, నీటిని తిప్పి, పొయ్యిని 35 శాతానికి తెస్తే అదే పని 30 కిలోలతో అయిపోతుంది.

35 శాతం పెద్ద విద్యేమీ కాదు. కట్టెల కింద ఇనుప కమ్మీల గ్రేటు, గాలి అడుగు నుంచి వచ్చే దారి, మంట పాత్ర చుట్టూ తిరిగేలా గోడకూ పాత్రకూ మధ్య 4–5 సెంటీమీటర్ల సందు, రేకు తలుపు ఉన్న పొగ గొట్టం. కట్టెలు బాగా ఎండి ఉండాలి.

నూనె తీసిన గడ్డిని పారేయకండి. 100 కిలోల పచ్చి గడ్డి ఎండితే 30 కిలోలకు కాస్త అటూ ఇటూగా మిగులుతుంది. పొయ్యి బాగుంటే తర్వాతి బ్యాచ్‌కు దాదాపు అదే సరిపోతుంది. బాగులేకపోతే సగానికే వస్తుంది.

ఎప్పుడు ఆపాలి

నిమ్మగడ్డికి మొదటి చుక్క పడ్డాక రెండు నుంచి మూడు గంటలు. కానీ గడియారం చెప్పినట్టు కాదు, సిలిండర్ చెప్పినట్టు ఆపండి. ప్రతి అరగంటకూ వచ్చిన నూనెను విడిగా కొలవండి. గత అరగంటలో వచ్చిన నూనె విలువ, ఆ అరగంటకు కాలిన కట్టెలు, కూలీ ఖర్చు కంటే తగ్గిన క్షణమే బ్యాచ్ అయిపోయినట్టు. పేర్చడం, ఆవిరి వేగం సరిగ్గా ఉన్న యూనిట్‌లో ఈ క్షణం తొందరగా వస్తుంది, రోజుకు ఇంకో బ్యాచ్ పడుతుంది.

దింపిన నూనెను కొన్ని గంటలు కదపకుండా ఉంచి, అడుగున చేరిన నీటిని తీసేయండి. చెమ్మను పీల్చుకునే నిర్జల సోడియం సల్ఫేట్ కొద్దిగా కలిపి, మసకపోయి తేటపడ్డాక వడకట్టండి. నీటి చెమ్మ ఉంటే సిట్రాల్ త్వరగా పాడవుతుంది. అల్యూమినియం లేదా స్టెయిన్‌లెస్ డబ్బాలో, లేదంటే ముదురు రంగు గాజు సీసాలో, మూతి దాకా నింపి, చీకటిగా చల్లగా ఉండే చోట పెట్టండి. జీఐ (జింకు పూత వేసిన ఇనుప) డబ్బాలు వద్దు.

ప్రమాదాలు

ఈ కాలమ్ ఒత్తిడిని తట్టుకునే పాత్ర కాదు. కాలమ్‌కూ సెపరేటర్‌కూ మధ్య ఎక్కడా వాల్వు పెట్టకూడదు. మూత లోపల గొట్టం మొదట్లో ఒక జాలీ ఉండాలి, గడ్డి అడ్డంపడి దారి మూసుకుపోతే మూత ఎగిరిపోగలదు. కింది పాత్రకు నీటి మట్టం చూపే గాజు గొట్టం తప్పనిసరి. నీళ్లు అయిపోతే జాలీ మీది గడ్డి మాడి బ్యాచ్ మొత్తం పొగ వాసన పడుతుంది. మంట ఆర్పాక కనీసం పావుగంట ఆగి, మొహం పక్కకు పెట్టి, అవతలి అంచు ముందు లేచేలా మూత తీయండి. నూనె మండే సరుకు కాబట్టి సెపరేటర్ పొయ్యికి దూరంగా ఉండాలి. ఒత్తిడితో నడిచే విడి బాయిలర్ పెట్టుకునేవాళ్లు బాయిలర్ల శాఖ నిబంధనలు ముందే కనుక్కోవాలి.

వేరే పంటలకు ఇదే కాలమ్

పామరోజా, సిట్రొనెల్లాలకు పైన చెప్పినదంతా దాదాపు అలాగే వర్తిస్తుంది. పామరోజాలో పూత దశలో కోసిన గడ్డికి నూనె ఎక్కువ, పూల కంకులను కూడా కాలమ్‌లో వేయాలి.

వట్టివేరు మాత్రం వేరే సంగతి. వేళ్లను కడిగి, చిన్న ముక్కలు చేసి, 16 నుంచి 24 గంటలు నడపాలి. నూనె చిక్కటిది, దాని బరువు నీటి బరువుకు చాలా దగ్గర, కాబట్టి సెపరేటర్‌లో కొంత తేలుతుంది, కొంత మునుగుతుంది. దిగే నీటిని 40 దగ్గర కాక 55–60 డిగ్రీల దగ్గర ఉంచితే నూనె పలచబడి తేలికగా విడుతుంది. ఇంత వేడిలో కూడా వట్టివేరు నూనె ఎగిరిపోదు. అది అయిపోయాక కాలమ్, గొట్టం, కండెన్సర్‌లను ఖాళీగా ఒక గంట ఆవిరితో కడిగి, ఆ తర్వాతే మళ్లీ నిమ్మగడ్డి వేయండి. లేదంటే మొదటి బ్యాచ్ నిమ్మ నూనెలో వట్టివేరు వాసన దిగి, రెంటికీ ధర రాకుండా పోతుంది.